నీడ మాయం కావాల్సిన రోజు

యాన్బులో ఏడాదికి రెండు మూడు వానలు పడితే గొప్ప. అయినా మా తరగతిలో గొడుగుల రోజు జరిగింది. లోకంలో దాన్ని ఫిబ్రవరి పదిన జరుపుకుంటారు. 2018లో ఆ తేదీ శనివారం వచ్చింది. సౌదీలో శనివారం బడి ఉండదు కనక మేము పదకొండున జరిపాం. పిల్లలు ఇంటినుంచి తెచ్చిన చిన్న గొడుగుల మీద రంగు చుక్కలు దిద్ది, మబ్బన్నది లేని ఆకాశం కింద వరసగా నడిచారు. మా ఆయా మొక్కలకి నీళ్లు పట్టే గొట్టం ఎత్తి వాళ్ల మీద వాన కురిపించింది.

చిన్నపిల్లల తరగతికి టీచరుగా కొత్తగా వెళ్లబోయే మీకోసం ఇది రాస్తున్నాను. ఎర్రసముద్రం ఒడ్డున, ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఒక ఇండియన్ స్కూల్లో నేను చాలా ఏళ్లు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకి పాఠాలు చెప్పాను. అక్షరాలు ఎలా నేర్పాలో, ముక్కు ఎలా తుడవాలో మీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక మధ్యాహ్నం గురించి. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద రోమాలు నిలబడతాయి.

ముందు ఈ గొడుగుల రోజులాంటి రోజుల సంగతి. మా తరగతిలో కేరళ పిల్లలు, లక్నో పిల్లలు, మన తెలుగు పిల్లలు, హైదరాబాదు పిల్లలు కలిసి ఉండేవాళ్లు. బడిలో ఈద్ తప్ప వేరే పండగ జరిపే వీలు లేదు. పాటలు, కేకులు, కొవ్వొత్తులని కూడా ఆ రోజుల్లో అనుమానంగా చూసేవాళ్లు. అయిదేళ్ల పిల్లలకి మాత్రం ఎదురుచూడటానికి ఏదో ఒకటి కావాలి. అందుకని ఎవరి దేవుడితోనూ సంబంధం లేని, ఎవరికీ అభ్యంతరం కాని రోజులు ఏరి క్యాలెండర్లో గుర్తు పెట్టుకున్నాను. పెన్సిల్ రోజు, బుడగల రోజు, జత కలవని మేజోళ్ల రోజు. ఏప్రిల్ ఇరవై అయిదున పెంగ్విన్ల రోజు. ఆ పూట ఎడారి అంచున ఇరవై మంది పిల్లలు మోకాళ్లు దగ్గరపెట్టి పక్కలకి ఊగుతూ నడుస్తుంటే, లెక్కల టీచర్లు కిటికీలకి అతుక్కుపోయారు.

మా ఆయాది హైదరాబాదు పాతబస్తీ. పెద్దావిడ, నాకంటే రెండేళ్లు పెద్ద. నన్ను రోజూ ఉడికించకపోతే ఆవిడకి పొద్దు గడిచేది కాదు.

"ఇయ్యాల ఏం పండగ మేడం? మేజోళ్ల పండగనా? మొన్న పెన్సిల్లది అయిపాయె. మా చీపురు ఏం పాపం చేసింది? దానికో రోజు వెట్టుండ్రి. ఆ రోజు అది పండుకుంటది, నేను పండుకుంటా."

"చీపురు రోజు కూడా ఎక్కడో ఉండే ఉంటుంది. తేదీ దొరకగానే చెబుతాను."

"తేదీ లేకుంటే మీరు నీళ్లు గూడ తాగరు," అనేది.

నిజమే. తేదీ తప్పితే నాకు నిద్ర పట్టదు.

2017, 2018లలో బడి పలచబడుతూ వచ్చింది. నితాకత్ అనే నియమం ప్రకారం ప్రతి సంస్థలోనూ ఇంతమంది సౌదీలు ఉండాలి. అది అప్పటికే చాలామంది ఉద్యోగాలు తీసుకెళ్లింది. దాని వెనకే 2017 జూలై నుంచి లెవీ వచ్చింది. భార్యా పిల్లలు దగ్గరుంటే తలకి నెలకి వంద రియాళ్లు కట్టాలి, మరుసటి జూలైకి అది రెండు వందలు. ఇకామా, అంటే నివాస అనుమతి, రెన్యూ చేసే రోజున ఏడాదిది మొత్తం ముందే కట్టాలి. లెక్క అంతే. దాన్ని గురించి ఇంతకంటే రాయను, ఎందుకంటే ఆ లెక్క వేసుకోని ఇల్లు ఆ ఊళ్లో లేదు. తండ్రులు ఉండిపోయి, తల్లీపిల్లల్ని ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, ఇండియాకి పంపేయడం మొదలైంది. తరగతి గోడకి సంచులు తగిలించే కొక్కేల్లో నెలకొకటి రెండు ఖాళీ అయ్యేవి.

వెళ్లిపోయే బిడ్డ ఏడవకుండా, మిగిలినవాళ్లు ఏడవకుండా ఒక పద్ధతి పెట్టాను. వెళ్లే వారంలో ఏ రోజు వస్తే ఆ రోజుని ఆ బిడ్డకి ఇచ్చేసేవాళ్లం. ఆ పూట తనే ముందు నడవాలి, తనే అందరికీ పంచాలి, ఆ రోజు వస్తువు తనతో ఇంటికి తీసుకెళ్లాలి. గొడుగుల రోజు ఒక మలయాళీ పాపది. మేజోళ్ల రోజు లక్నో బాబుది. పెంగ్విన్ల రోజు విజయవాడ బాబుది. బుడగల రోజు ఒక మద్రాసు పాపది. పిల్లలు నవ్వుతూ వెళ్లేవాళ్లు. తల్లులు నా చేతులు పట్టుకునేవాళ్లు. బాగా కుదిరిందనుకున్నాను.

కుదరలేదని నాకు చెప్పింది ఒక అయిదేళ్ల బాబు.

వాళ్లది జగిత్యాల వైపు. తండ్రి పైపులు బిగించే పనిలో కూలీగా వచ్చి ఫోర్‌మన్ అయి, ఫ్యామిలీ వీసా తెచ్చుకున్నవాడు. బాబు యాన్బులోనే పుట్టాడు. ఇండియాకి ఒకే ఒక్కసారి, అదీ పాకే వయసులో వెళ్లాడు. ఇంట్లో తెలంగాణ మాట, ఆయాతో ఉర్దూ, నాతో ఆ తెలుగే, మధ్యమధ్య ఇంగ్లీషు. తరగతిలో అందరికంటే ఎక్కువ మాట్లాడే పిల్లవాడు. ఆ ఏడు మే నెలలో మాట్లాడటం తగ్గించాడు. బుడగల రోజున మద్రాసు పాప చేతికి బుడగల సీసా ఇస్తుంటే, వీడు వెళ్లి బల్ల కింద కూర్చున్నాడు. నేను వంగి పిలిచాను.

"బయటికి రా నాన్నా. బుడగలు పట్టుకుందువుగాని."

"ఆమె పోతది," అన్నాడు.

"ఎక్కడికి?"

"రోజు ఎవలకిస్తే వాళ్లు పోతరు. గొడుగుది పోయింది. మేజోళ్లోడు పోయిండు. పెంగ్వినోడు పోయిండు. నాకు ఇయ్యకు టీచర్."

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. వాడి వరస తప్పు కాదు. చూసింది చూసినట్టు పేర్చుకున్నాడు. ఈద్ తర్వాత వచ్చే రోజు వాడి పేరు మీదే రాసి ఉంచానని వాడికి ఇంకా తెలియదు. వాళ్ల అమ్మ ఆ వారమే నాకు చెప్పింది. వాళ్ల ఇకామాలు జూలైలో రెన్యూ కావాలి. ఈలోగా తల్లీకొడుకులు వెళ్లిపోతారు.

ఆ రోజు పేరే నీడ మాయమయ్యే రోజు.

దాని గురించి చెప్పాలి. మాది కాకినాడ దగ్గర. అక్కడి దినపత్రికలో ఒకసారి చదివాను. ఏడాదికి రెండుసార్లు, మేలోనూ ఆగస్టులోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలబడి, నిటారుగా ఉన్న వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. ఎంత బాగుందో అనిపించింది. ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఆ రోజు జూన్ వైపు జరుగుతుందని కూడా అందులో ఉంది. యాన్బు మాకంటే ఉత్తరాన ఉంది, కాబట్టి అక్కడ జూన్ ఇరవై ఒకటి ప్రాంతంలో వస్తుందని నాకు నేనే తేల్చుకున్నాను. ఇరవై ఒకటి ఈద్ సెలవుల్లో పడింది. ఆ రోజుల్లో సూర్యుడు దాదాపు అక్కడే ఉంటాడు కనక బడి తెరిచిన వారంలో జరుపుదాం అని రంజాన్‌కి ముందే పిల్లలకి ప్రకటించేశాను.

"మన నీడలన్నీ మాయమైపోతాయి, చూద్దురుగాని," అన్నాను. ఆ మాట వాడి చెవిలో ఎలా పడిందో అప్పుడు ఆలోచించలేదు.

ఈద్ అయ్యి బడి తెరిచిన ఆదివారం వాళ్ల అమ్మ పొద్దున్నే గేటు దగ్గర నన్ను ఆపింది.

"టీచర్, వీనితోని అయితలేదు. నేను పెట్టెల బట్టలు వెట్టుడు, వీడు తీసుడు. నిన్న వాని బూట్లు, వాళ్ల డాడీ బూట్లు అన్ని తీస్కపోయి సోఫా కింద దాచిండు. ఇండియా పోతే మాయమైపోతరంటడు."

"ఎవరు చెప్పారమ్మా వాడికి?"

"ఎవ్వల్లు చెప్పలే. పోయినోళ్లు మల్ల కనవడ్తలేరు గదా, గందుకు. ఇప్పుడు కొత్తగ నీడ పట్టుకున్నడు. ముందుగాల నీడ మాయమైతదట, ఎన్కంగ మనిషి. నేను రానంటడు. గట్టిగ ఎత్తుకపోదామంటే ఫిట్సొచ్చినోని లెక్క ఒర్లుతుండు. విమానంల ఎట్ల కూసవెట్టాలె టీచర్?"

పక్కన నిలబడ్డ ఆయా బాబు తల మీద చెయ్యి వేసింది. వాడు ఆ చేతి కిందనుంచి జారి నీడపట్టుకి పోయాడు. నీడపట్టులో నిలబడితే తన నీడ కనపడదు. అది ఉందో పోయిందో చూసుకోవలసిన పని లేదు. మళ్లీ అదే వరస, తప్పు పట్టలేని వరస.

ఈ రోజుని ఎత్తేస్తే పోతుంది కదా అనుకున్నాను. కానీ ఎత్తేస్తే వాడి భయం నిజమని నేనే ఒప్పుకున్నట్టు అవుతుంది. జరపాలి. జరపాలంటే జూన్ నెల మధ్యాహ్నం పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లడానికి అనుమతి కావాలి.

అనుమతి ఇవ్వవలసింది కొత్త అడ్మిన్ మేడమ్. నితాకత్ కింద మా పాత గుమాస్తాని తీసేసి ఆ కుర్చీలో కూర్చోబెట్టిన సౌదీ అమ్మాయి. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. ఆవిడ వరండాలో వస్తుంటే మేం మాటలు ఆపేసేవాళ్లం. మా గుమాస్తా పొట్ట కొట్టిందని కోపం, మా మీద పైకి రాస్తుందని భయం. ఆవిడతో నేను అప్పటిదాకా సలాం తప్ప మాట్లాడలేదు. ఇంగ్లీషులో రాసిన కాగితం ముందు పెట్టాను. చదివి తల ఎత్తింది.

"నీడ మాయమవుతుందా? ఇక్కడా? ఎవరు చెప్పారు?"

"మా ఊరి పేపర్లో చదివాను."

"మీ ఊళ్లో అవుతుందేమో. మక్కాలో అవుతుంది, మే నెలాఖర్లో ఒకసారి, జూలై మధ్యలో ఒకసారి. మా నాన్నమ్మ ఆ రోజు మధ్యాహ్నం ఇక్కడ మా ఇంటి ముంగిట్లో కర్ర పాతి, నీడని బట్టి నమాజు దిక్కు సరిచూసేది. ఆ క్షణాన సూర్యుడు మక్కా నడినెత్తిన ఉంటాడు, ఇక్కడి నీడ సరిగ్గా దానికి ఎదురు వైపు పడుతుంది, అందుకే దిక్కు తెలుస్తుంది. కానీ యాన్బులో పూర్తిగా పోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు ఖాలా."

ఖాలా అంటే పిన్ని. ఆ పిలుపుకి నేను సిద్ధంగా లేను. ఆ తప్పుకీ సిద్ధంగా లేను. గ్రంథాలయానికి వెళ్లి అట్లాసు తెరిచాను. కర్కటరేఖ యాన్బుకి కాస్త దక్షిణంగా పోతోంది. కొంచెమే, కారులో గంట లోపు దూరం. సూర్యుడు ఆ రేఖ దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతాడు. మా నెత్తి మీదకి ఎన్నడూ రాడు. పిల్లలు తేదీ తప్పు రాస్తే మళ్లీ రాయించే నేను, భూగోళం మీద ఒక గీత ఎక్కడుందో చూడకుండా పండగ ప్రకటించాను.

తిరిగి వెళ్లి ఆ సంగతి ఆవిడకి చెప్పాను. ఎందుకు జరపాలనుకుంటున్నానో, బాబు విషయం కూడా చెప్పాను. ఆవిడ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.

"వాడికి నీడ పోదని చెప్పండి."

"చెబితే నమ్మడు. చూడాలి."

"అయితే చూడనివ్వండి. టోపీలు, నీళ్లు ఉండాలి. గడియారం అక్కర్లేదు. సూర్యుడు నడిమి దాటగానే మధ్యాహ్నపు నమాజు పిలుపు, జుహర్ అజాన్ వస్తుంది. అది వినపడగానే లోపలికి తీసుకురండి."

సంతకం పెట్టింది. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ పూట బాబుని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.

"టీచర్ తప్పు చెప్పింది. మన ఊళ్లో నీడ పోదు. కొంచెం మిగులుతుంది."

వాడు నా ముఖంలోకి చూశాడు. పెద్దవాళ్లు తప్పు చెప్పామని అనడం వాడికి కొత్త.

"గొడుగు పాపకు ఉన్నదా నీడ?" అన్నాడు.

ఉంటుందిలే అని అనబోయి ఆగాను. ఒక తప్పు ఆ రోజుకి చాలు. "చూడకుండా చెప్పను. రేపు కనుక్కుంటాను," అన్నాను.

వెళ్లిపోయిన పిల్లల తల్లులకి మెసేజి పెట్టాను. వాట్సాప్‌లో వీడియో కాల్ అక్కడ కలిసేది కాదు, కానీ తీసి పంపిన వీడియోలు వచ్చేవి. రేపు మాకు పన్నెండున్నర, మీకు మూడు గంటలు. ఆ వేళకి బిడ్డని బయట నిలబెట్టి, కాళ్లు కనపడేలా చిన్న వీడియో తీసి పంపండి, ఎందుకో తర్వాత చెబుతాను అని రాశాను. ముగ్గురు సరే అన్నారు. మద్రాసు పాప వాళ్లది పాత సౌదీ నంబరే నా దగ్గర ఉంది. అది మోగలేదు.

మర్నాడు పదకొండున్నరకే ఆయా తన మాపు కర్ర ఊడదీసి తెచ్చింది. బడి లోపలి గేటు ముందు సిమెంటు నేల మధ్యలో మొక్క పోయిన చిన్న మట్టి గుంట ఉంది. అందులో కర్ర పాతాం. నా ఇంటి తాళంచెవి దారానికి కట్టి వేలాడదీసి, నాలుగు వైపులా కర్ర నిటారుగా ఉందో లేదో చూశాను.

"ఇంకెంత సక్కగ ఉండాలె మేడం? సున్నం కొట్టిస్తరా?"

"ఒక్క పిసరు వంగినా అబద్ధం చెబుతుంది."

"మొత్తానికి చీపురు పండగ అయింది పో," అంది. ఆవిడ ముఖంలో నవ్వు చూసి చాలా రోజులైంది.

వేసవిలో పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ చట్టం. అందుకని ఆ వేళకి ఊరు ఊరంతా ఆగిపోతుంది. క్రేన్లు ఆగాయి, రోడ్డు పక్క తవ్వకాలు ఆగాయి. మగవాళ్లు మా విభాగంలోకి రాకూడదు కనక బాబు తండ్రి గేటు బయట ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు, మెడ చుట్టూ తడి తువ్వాలు.

"నన్ను జూసి గూడ దాక్కుంటుండు మేడం," అన్నాడు మెల్లిగా. "నేనే తోలేస్తున్ననని వానికి తెల్సిపోయింది."

పిల్లలు టోపీలతో కర్ర చుట్టూ నిలబడ్డారు. బాబు వరండా అంచున ఆగిపోయాడు. నీడపట్టు ముగిసి ఎండ మొదలయ్యే గీత మీద వాడి బూట్ల కొసలు ఉన్నాయి. అవతలికి ఒక్క అంగుళం రాలేదు.

కర్ర నీడ అప్పటికి పడమటి వైపు బెత్తెడు ఉంది. చూస్తుండగానే లోపలికి తగ్గడం మొదలుపెట్టింది. నేను ఆ ఊళ్లో అన్నేళ్లు ఉన్నాను, రోజూ మధ్యాహ్నం ఎండని తిట్టుకున్నాను, దాని కిందకి ఒక్కసారీ చూసుకోలేదు. పిల్లల నీడలు వాళ్ల పాదాల కిందికి చేరుతున్నాయి. తలలు భుజాల్లోకి, భుజాలు నడుముల్లోకి, నడుములు బూట్లలోకి. గేటు ఊచల నీడలు ఒక్కొక్కటి దారాలైపోయాయి. జెండా కర్ర నీడ దాని మొదట్లోకి పాకింది. ఎవరూ ఏమీ చేయడం లేదు. అంత పెద్ద పని చప్పుడు లేకుండా జరుగుతోంది.

నా ఫోను మోగింది. మోకాళ్ల మీద వాడి పక్కన కూర్చుని తెరిచాను.

మొదటిది లక్నో నుంచి. మేజోళ్ల బాబు మేడ మీద నిలబడి ఉన్నాడు, ఒక కాలికి పచ్చది, ఒక కాలికి ఎర్రది. వాడి పక్కన తూర్పుకి నల్లటి నీడ, దాదాపు వాడంత పొడుగు. వాడు చెయ్యి ఊపితే అదీ ఊపింది. రెండోది విజయవాడ. పెంగ్విన్ నడక, పక్కన నీడ పెంగ్విన్. మూడోది కేరళ. తెరిచేసరికి వాన చప్పుడు. ఆ పాప తను చుక్కలు దిద్దిన గొడుగు కింద నిలబడి ఉంది. రంగులు కొంచెం కారాయి. మబ్బు కమ్మి ఉండటంతో పాపకి నీడ లేదు.

బాబు వేలు తెర మీద పెట్టాడు. "ఈమెకు నీడ లేదు."

"లేదు."

"ఆమె ఉన్నది."

"ఉంది."

"నిజం వాన," అన్నాడు. గొట్టం వాన కాని వాన వాడు అంతవరకు సరిగా చూసి ఉండడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టాను. "బుడగలామె?"

"వాళ్ల నంబరు పోయింది నాన్నా. నాకు తెలియదు."

వాడు తల పైకెత్తి, చేతులు కళ్లకి అడ్డం పెట్టుకుని, సూర్యుడున్న చోటు వైపు చూడబోయాడు. నేను టోపీ కిందికి లాగాను.

"అక్కడ మూడు అయిందన్నవు గదా టీచర్."

"అవును. సూర్యుడు ముందు వాళ్ల నెత్తి మీదకి వెళ్లి, తర్వాత మన దగ్గరికి వస్తాడు."

"అంటే వాళ్లందర్ని సూసుకుంటనే ఇటొచ్చిండా?"

"చూసుకుంటూనే వచ్చాడు."

"బుడగలామెను గూడ?"

తల ఊపాను.

వాడు గీత దాటాడు. ఎండలోకి రెండడుగులు వేసి, ఆగి, కాళ్లకేసి చూసుకున్నాడు. నిజానికి అప్పుడు నేను కర్రని చూడాలి. వాణ్నే చూశాను. వాడి రెండు బూట్ల చుట్టూ నీళ్లు కారినట్టు చిన్న నల్లటి మడుగు. అంతే మిగిలింది వాడి నీడ. గేటు బయట తండ్రి ఊచలు పట్టుకున్న చేతులు సడలాయి.

అప్పుడు మసీదునుంచి అజాన్ లేచింది. కర్రకి ఉత్తరపు వైపు గోరంత నీడ ఉంది. పడమట ఉన్నది ఉత్తరాన్ని తాకి, ఆ పిలుపు ముగిసేలోగా తూర్పుకి జరిగింది. గడియారపు ముల్లు కదలడం కళ్లతో చూడటం ఎలా ఉంటుందో అలా ఉంది. వెయ్యేళ్లుగా ఆ పిలుపు ఈ నీడని కాచుకునే వస్తోంది. నేను అన్నేళ్లూ దాన్ని భోజనం గంటగా విన్నాను. అడ్మిన్ మేడమ్ వరండా స్తంభం పక్కన నిలబడి ఉంది, ఎప్పుడు వచ్చిందో. కర్రకేసి చూసి, నాకేసి చూసి, నమాజుకి లోపలికి వెళ్లింది.

"పోలేదు," అన్నాడు బాబు, కర్ర దగ్గర కూర్చుని.

"పోలేదు."

అక్కడితో ఆపేయవచ్చు. ఆయా నా భుజం తట్టి "ఇంక చాలు మేడం, తీస్కరాండ్రి" అంది కూడా. కానీ ఒక సంగతి ఉంది. మన దేశంలో కర్కటరేఖకి దక్షిణాన ఉన్న ప్రతి ఊళ్లోనూ నీడ పూర్తిగా పోయే రోజులు రెండు ఉంటాయి. జగిత్యాలలో కూడా. ముందురోజు అట్లాసు ముందు కూర్చుని లెక్క కట్టాను, జూలై ఆఖరు. ఎప్పుడో ఒకనాడు వాడు తనంతట తను చూసి హడలిపోవడం కంటే ఇప్పుడే వినడం మేలు.

"మీ ఊళ్లో జూలై చివర ఒక రోజు నీడ మొత్తం పోతుంది. గోరంత కూడా ఉండదు. తర్వాత కొంచెం సేపటికే వస్తుంది. నేను అది ఎప్పుడూ చూడలేదు."

"నువ్వు సూడలేదా?"

"లేదు. పేపర్లో చదివానంతే. నీకు ఇక్కడ రోజు ఏమీ ఇవ్వను. నీ రోజు అక్కడుంది. చూసి, నాకు ఎలా ఉందో చెప్పాలి."

వాడు గేటు వైపు చూశాడు. "డాడీ, మన ఊళ్లె ఎండ ఉంటదా జూలైల?"

తండ్రి ఊచల మధ్య ముఖం పెట్టాడు. "మబ్బులుంటయి బిడ్డా. నడ్మ నడ్మ ఎండ కొడ్తది."

"నేను సూసుడు అయినంక వస్తవా?"

"దసరాకు వస్త."

"బూట్లు సోఫా కింద ఉన్నయి," అన్నాడు బాబు.

వారం తిరక్కుండా వాళ్లు వెళ్లిపోయారు. విమానంలో ఏడవలేదని, కిటికీ దగ్గర కూర్చుని రెక్క నీడ ఎక్కడ పడుతోందో వెతికాడని వాళ్ల అమ్మ రాసింది. ఆ తర్వాత వెళ్లిపోయే ఏ బిడ్డకీ నేను ఇక్కడి రోజు ఇవ్వలేదు. చేరిన చోట ఏ రోజు వస్తుందో చూసి, అది రాసి ఇచ్చాను. మీరు కూడా అలాగే చేయండి. పంపేటప్పుడు చేతిలో పెట్టే వస్తువు కంటే, అవతల ఎదురుచూసే పని ఒకటి ఉండటం పిల్లలకి ఎక్కువ ధైర్యం.

జూలై ఆఖరి వారంలో వరసగా నాలుగు రోజులు వాళ్ల అమ్మ నుంచి ఒకటే మాట వచ్చింది, మబ్బు అని. ఇంక ఈ ఏటికి పోయిందనుకున్నాను. అయిదో రోజు వీడియో వచ్చింది. తడిసిన వాకిలి, పక్కన ఒక కోడి, మధ్యలో బాబు. మబ్బు పగిలి ఒక్కసారిగా ఎండ పడింది. వాడి బూట్ల చుట్టూ ఏమీ లేదు. కోడి కింద దాని ఒంటి మేర తప్ప ఏమీ లేదు. వాడు వంగి, కాళ్ల మధ్యనుంచి, వెనక నుంచి వెతికాడు. తర్వాత ఉన్నచోటే గెంతాడు. గాలిలో ఉన్నంతసేపు కింద నేలమీద చిన్న నీడ కనిపించి, కాలు ఆనగానే మళ్లీ వాడిలోకి పోయింది. మూడుసార్లు గెంతాడు. అప్పుడు ఫోను దగ్గరికి నడిచి వచ్చి, తెర నిండా ముఖం పెట్టి, నేను అడిగిన సంగతి చెప్పాడు.

"పోయింది టీచర్. మొత్తం పోయింది. నేనున్న."